మంటపాల రాళ్ళపై ఆటల గళ్ళు

ప్రాచీన దేవాలయాలను దర్శించే యాత్రికులు గోపురాన్ని చూస్తారు, స్తంభాల మీది శిల్పాలను చూస్తారు, పైకప్పున వర్ణచిత్రాలు ఉంటే తలయెత్తి చూస్తారు. పాదాల క్రింది నేలను చూసేవారు అరుదు. చూసినవారికి కొన్ని ఆలయాలలో మంటపపు అరుగుల మీద, మెట్ల ప్రక్కన, కోనేటి గట్టు బండల మీద ఉలితో గీసిన గీతలు కనబడతాయి. ఒకచోట త్రికోణం, దానిని అడ్డంగా కోస్తూ కొన్ని గీతలు. మరొకచోట చతురస్రం, అందులో చిన్న గళ్ళు, కొన్ని గళ్ళలో కొట్టివేత గుర్తు. ఇంకొకచోట ఎదురెదురుగా రెండు వరుసల చిన్న గుంటలు. ఇవి యంత్రాలు కావు, శాసనాలు కావు. మన పూర్వులు ఆడుకొన్న ఆటల పటాలు. మొదటిది పులి–మేక, రెండవది అష్టాచెమ్మ, మూడవది వామనగుంటలు. విజయనగర రాజధానియైన హంపీలో ఆలయ మంటపాల నేలపై ఇటువంటి పటాలు నేటికీ చూడవచ్చును.

వీటిని ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు అన్న ప్రశ్నకు తొందరపడి సమాధానం చెప్పరాదు. మంటపం ఏ శతాబ్దిలో కట్టినదో శాసనం చెప్పవచ్చును. అదే మంటపపు అరుగుపై ఉన్న పులి–మేక గీత మాత్రం ఆ తరువాత ఎన్నో తరాలకు ఎండవేళ నీడకు చేరిన పశులకాపరి గీసినదైనా కావచ్చును. రాతి వయస్సు గీత వయస్సు కాదు. ప్రతి గీతనూ రాజులకు, రాణులకు అంటగట్టి చెప్పే మాటలను యాత్రికులు కొంత జాగ్రత్తతో వినుట మంచిది. అట్లే కనబడిన ప్రతి గుంటా ఆటగుంట కాదు. పందిరి గుంజ నిలిపినది, దీపానికి నూనె పోసినది, గంధమో పసుపో నూరినది కూడా గుంటయే. ఇద్దరు ఎదురెదురుగా కూర్చొనుటకు చోటున్నదా, గుంటలు రెండు వరుసలలో సమసంఖ్యలో ఉన్నవా, రాయి సమతలంగా ఉన్నదా అని చూస్తే చాలావరకు సందేహం తీరుతుంది. నిలువు గోడపై చెక్కిన పటం ఆడుటకు కాదని వేరే చెప్పనక్కరలేదు. ఎక్కడో పరచిన బండను తరువాత తెచ్చి గోడలో పెట్టినారని మాత్రం దాని వలన తెలియవచ్చును.

ఆటలు మంటపాలలోకి ఎందుకు వచ్చినవి? మంటపం ఉత్సవమూర్తి వేంచేసే చోటు. ఉత్సవం సంవత్సరంలో కొన్ని దినాలు. మిగిలిన దినాలలో అది ఊరికంతటికీ నీడ. దూరాన నుండి కాలినడకన వచ్చినవారు తలుపులు తీసే వరకు అక్కడనే కూర్చొనేవారు. కావలివారు, బోయీలు, పూలు కట్టేవారు, వర్తకులు, వానకు చిక్కినవారు, పంటలు ఇంటికి చేరిన తరువాత పనిలేని రైతులు అందరికీ అదే ఆశ్రయం. వేచియుండుట యాత్రలో ఒక భాగం. ఆ వేచియుండే కాలాన్ని వారు ఏ విధంగా గడిపినారో రాతిపై ఈ గీతలే చెబుతున్నవి. నేటి యాత్రికుడు కూడా వేచియే ఉన్నాడు, బహుశః పూర్వం కంటె ఎక్కువ సేపు. అతని చేతిలో మాత్రం చరవాణి ఉన్నది, ప్రక్కన కూర్చున్నవానితో మాట లేదు.

దేవుని సన్నిధిలో ఆట తగునా?

ఈ సందేహం కొందరు భక్తులకు కలుగుట సహజం. సృష్టి యావత్తూ పరమాత్మకు లీల అని వేదాంతశాస్త్రం చెప్పినది. లీల అనగా ఆటయే. శాస్త్రం వరకు పోనవసరం లేదు, ఉత్సవాలను చూసినను చాలును. గోకులాష్టమి మరునాడు ఉట్లోత్సవం. తిరుమలలో వైకుంఠ ఏకాదశి అనంతరం జరిగే ప్రణయకలహోత్సవంలో అమ్మవార్ల పక్షాన స్వామిపై పూలచెండ్లు విసురుతారు. శ్రీనివాసుడు రాత్రివేళ హాథీరాంజీ బావాజీ మఠానికి వచ్చి పాచికలాడెనని భక్తులు తరతరాలుగా చెప్పుకొంటున్న కథ అందరికీ తెలిసినదే. ఆడుతూ స్వామి ఆభరణం మరచి వెళ్ళుట, దొంగతనపు నింద బావాజీపై పడుట, రాత్రికి రాత్రి గదినిండా చెరకు తినవలెనని పరీక్ష పెట్టుట, ఏనుగు రూపున వచ్చి స్వామియే దానిని ఆరగించుట, ఇంత కథకూ మొదలు ఒక పాచికల పటం. గుడిలో ఉయ్యాలసేవ ఉన్నది. అట్లతద్దినాడు తెల్లవారకముందే ఆడపిల్లలు లేచి ఆటలాడి ఉయ్యాలలూగుట వ్రతంలో భాగం. ఆట మన ఆరాధనకు పరాయిది కాదు.

అయితే పందెం వేరు. ఋగ్వేదంలోని పదవ మండలంలో జూదరి విలాపం ఒక సూక్తంగా ఉన్నది. తానికాయలను పాచికలుగా చేసి ఆడి, ఇల్లాలిని, ఇంటిని పోగొట్టుకొన్నవాని దుఃఖం అది. భారతకథలో జూదం ఏమి చేసినదో చెప్పనక్కరలేదు. మన భాషలో ఒక చిత్రం ఉన్నది: పులి–మేక ఆటకు మరొక పేరు పులిజూదం. అందులో పాచిక లేదు, పందెం లేదు, అదృష్టానికి చోటే లేదు. అయినను జూదమనియే వాడుక. బహుశః ఈ పేరు చూసియే కొందరు పెద్దలు దీనిని దూరంగా ఉంచినారు. ఆలయ ప్రాంగణంలో ఆటకు చోటు కల్పించదలచినవారు మొదట చేయవలసినది పందెం లేదని స్పష్టంగా వ్రాసి పెట్టుట. కాసు కనబడినచో ఆట ఆగవలెను.

గీతలలో దాగిన తెలివి

పులి–మేక పటాన్ని ఒకసారి శ్రద్ధగా చూద్దాము. పైన ఒక శిఖరబిందువు. దాని నుండి నాలుగు గీతలు క్రిందికి విచ్చుకొంటూ దిగుతాయి. వాటిని మూడు అడ్డగీతలు కోస్తాయి. ఆ అడ్డగీతలు ఇరుప్రక్కలా కొంత ముందుకు సాగి, నిలువు గీతలతో కలుస్తాయి. కనుక ఒక్కొక్క అడ్డగీతపై ఆరు బిందువులు, మూడింటిపై 18. అడుగున నాలుగు, శిఖరాన ఒకటి. వెరసి 23 స్థానాలు. పులులు 3, మేకలు 15. మేకలవారు ఒక్కొక్క మేకను తెచ్చి ఖాళీ స్థానంలో నిలుపుతారు. మొత్తం పదిహేనూ దిగే వరకు ఏ మేకనూ కదుపరాదు. ఈలోగా పులి తిరుగుతూనే ఉంటుంది. ప్రక్కన మేక ఉండి, అదే గీతపై దాని ఆవలి స్థానం ఖాళీగా ఉంటే పులి దూకి మేకను తీసుకొంటుంది. మేకలు పులిని చంపలేవు. చుట్టుముట్టి కదలకుండా చేయగలవు, అంతే. మూడు పులులకూ దారి లేకుండా చేసిననాడు మేకలది గెలుపు.

ఇందులో ఇరుపక్షాలకు బలం సమానం కాదు, లక్ష్యం కూడా ఒకటి కాదు. చదరంగంలో రెండు సేనలూ ఒకటే. ఇక్కడ ఒకరు వేటగాడు, మరొకరు మంద. క్రొత్తగా ఆడేవారు పులి పక్షాన్ని కోరుకొంటారు. ఆట తెలిసినవారు మేకలను తీసుకొంటారు. మేక వెనుక స్థానం ఎప్పుడూ నిండి ఉండవలెనన్న ఒక్క సూత్రం తెలిసినవాని చేతిలో పులులు త్వరలోనే అలసిపోతాయి. అందుకే అనుభవజ్ఞులు మొదటి మేకలను మధ్యలో పెట్టరు. అంచులలో, దూకుటకు ఆవల చోటులేని స్థానాలలో పెడతారు. ఎన్ని మేకలు పోతే ఆట ముగిసినట్లో, పులులను మొదట ఎక్కడ నిలుపవలెనో ఊరూరికీ భేదం ఉన్నది. ఈ భేదాలను గురించి ముందు మరల చెప్పవలసి ఉన్నది.

అష్టాచెమ్మకు 25 గళ్ళు, నాలుగు గవ్వలు చాలును. నలుగురు ఆడవచ్చును, ఒక్కొక్కరికి నాలుగు కాయలు. వెల్లకిల పడిన గవ్వల సంఖ్యయే పందెపు విలువ: ఒకటి, రెండు, మూడు, నాలుగూ వెల్లకిల పడితే చెమ్మ, నాలుగూ బోర్లపడితే అష్ట, అనగా ఎనిమిది. ఇక్కడ పందెమనగా గవ్వల విసురే గాని డబ్బు కాదు. గణితం తెలిసిన పాఠకులు ఒక లెక్క వేయవచ్చును. నాలుగు గవ్వలు పడగల తీరులు 16. వాటిలో రెండు వెల్లకిల పడేవి 6, ఒకటి పడేవి 4, మూడు పడేవి 4, చెమ్మ ఒకటి, అష్ట ఒకటి. గవ్వ రెండువైపులా సమానంగా పడదు కనుక ఈ లెక్క కొంత మారుతుంది. ఏ గవ్వ ఎట్లు పడునో చేతికి తెలిసిన అవ్వలు మన ఇండ్లలో ఉండేవారు. ఇతరుల కాయను ఒకదానినైనా కొట్టనిదే లోపలి వరుసకు పోరాదన్న నియమం ఆటకు ప్రాణం. తన దారిన తాను నిశ్శబ్దంగా పోదామనుకొన్నవానికి అందులో ఇల్లు లేదు!

వామనగుంటలు స్త్రీల ఆటగా ప్రసిద్ధి. ఏడేసి గుంటలు రెండు వరుసలు. గుంటలలో సమానంగా చింతగింజలు పోసి, ఒక గుంటలోనివి తీసి తరువాతి గుంటలలో ఒక్కొక్కటిగా వేస్తూ పోవుట, చేయి ఖాళీ అయిన తరువాత ముందరి గుంటలోనివి ఎత్తి మరల సాగించుట, ముందరి గుంట ఖాళీగా దొరికితే దాని ఆవలి గుంటలోని గింజలను గెలుచుకొనుట. చూచుటకు పిల్లల ఆట. ఆడి చూస్తే, చేయి ఎక్కడ ఆగునో ముందుగా లెక్కించగలవారికే గెలుపు. తమిళనాట దీనిని పల్లాంగుళి అంటారు, కర్ణాటకలో అళిగుళి మణె అంటారు. గుంటలలో గింజలు విత్తే ఈ ఆటల కుటుంబం ఆఫ్రికా ఖండమంతటా కలదు. పులి–మేక తమిళంలో ఆడుపులి ఆట్టం, అష్టాచెమ్మకు దగ్గరిది కన్నడంలో చౌకాబార. ఆలయ మంటపంలో మూడు భాషలవారు ఒకచోట కూర్చున్నను ఆటకు దుబాసీ అవసరం లేకపోవుటకు కారణం ఇదే.

ఇక వైకుంఠపాళి, పరమపదసోపానపటం. ఇది రాతి మీద గాక కాగితం మీద, గుడ్డ మీద ఉండేది. వైకుంఠ ఏకాదశి జాగరణకు ఇది ఇంటింటా పరచుకొనే పటం. పాముల తలల వద్ద అసురుల, దుర్గుణాల పేర్లు, నిచ్చెనల అడుగున సద్గుణాల పేర్లు. అక్షరం రాని పిల్లలు కూడా ఏ పాము పేరేమిటో చెప్పగలిగేవారు. తుదిమెట్టుకు చేరబోతూ పెద్దపాము నోటబడుట తెలుగువారి నోట సామెతయే అయినది. పందొమ్మిదవ శతాబ్ది చివర ఇది ఇంగ్లండు చేరి అక్కడ అచ్చయినది. క్రమంగా పేర్లన్నీ రాలిపోయి వట్టి పాములు, వట్టి నిచ్చెనలు, నూరు గళ్ళు మిగిలినవి. నేడు మన పిల్లలు అంగడిలో కొనుక్కొనేది ఆ తిరిగివచ్చిన రూపమే. పటం ఉన్నది, ఆట ఉన్నది, పేర్లు లేవు. జ్ఞాపకం పోవుట ఎట్లుంటుందో తెలియవలెనన్న ఈ ఒక్క ఉదాహరణ చాలును.

రెండవ విధమైన నష్టం దీనికి తలక్రిందులు. పేరు మిగిలి ఆట పోవుట. పద్దెనిమిదవ శతాబ్దికి చెందిన హంసవింశతి కావ్యంలో అయ్యలరాజు నారాయణామాత్యుడు నాటి ఆటలను వరుసగా పేర్కొన్నాడు. సురవరం ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్రలో కావ్యాలను వెదకి ఆటల పేర్లను ఏరి కూర్చినారు. ఆ పట్టికలలో కొన్ని పేర్లు చదువుకొనుటకే గాని ఎట్లు ఆడినారో నేడు చెప్పలేము. కవికి తెలుసు, చదివేవారికి తెలుసు, కనుక నియమాలు ఎవరూ వ్రాయలేదు. అందరికీ తెలిసినదే మొదట మరుపున పడుతుంది.

ఇందుకు భిన్నంగా మైసూరు ప్రభువు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు (1794–1868) ఆటలను గ్రంథస్థం చేయించినాడు. ఆయన ఆదరణలో వెలసిన శ్రీతత్త్వనిధి తొమ్మిది నిధులుగా ఉన్నది. దేవతామూర్తుల ధ్యానాలు, రూపాలు దానికి ప్రధాన విషయం. తొమ్మిదవదైన కౌతుకనిధి ఆటలకు సంబంధించినది. దేవతల రూపాలు ఉన్న గ్రంథంలోనే ఆటలకూ పీట వేసిన ఆ ప్రభువు దృష్టి మెచ్చదగినది. నేడు మైసూరులోనే రామ్‌సన్స్ కళాప్రతిష్ఠానం వారు పాత ఆటల పటాలను, కాయలను శిల్పుల చేత మరల చేయించి ప్రదర్శనలు నిర్వహిస్తున్నారు.

గీతలు చెరిగే తీరు

ఈ పత్రిక చదివేవారిలో దాతలు అనేకులు కనుక ఈ భాగం వారి కొరకు. పాత మంటపపు గీతలు దొంగల వలన పోవుట లేదు. భక్తి వలననే పోవుచున్నవి. ఎగుడుదిగుడు బండలపై భక్తులు కాలు తట్టుకొని పడుచున్నారని ఒక దాత నున్నని గ్రానైటు పలకలు వేయిస్తారు. ఉద్దేశం మంచిది. పాత బండలు కొన్ని అడుగున పడిపోతాయి, కొన్ని పెకలించి ప్రహరీ వెలుపల కుప్ప వేస్తారు. పాత సున్నం, రంగు వదిలించుటకు ఇసుకను వేగంగా చిమ్మే యంత్రం వాడితే రాతి పైపొర లేచిపోయి సన్నని గీత కనుమరుగవుతుంది. గుంటలలో నీరు నిలుస్తున్నదని సిమెంటు పూస్తారు. ఒక దినం పనిలో కొన్ని తరాల గుర్తు పోతుంది, పోయినట్లు ఎవరికీ తెలియదు.

నేలను బాగుచేయవద్దని చెప్పుట లేదు. పని మొదలుకాకముందు ఒక్క దినం ఆగవలెను. బండలను నీటితో కడిగి, ఉదయం గాని సాయంత్రం గాని ఏటవాలు వెలుతురులో చూస్తే మధ్యాహ్నం కనబడని గీతలు కనబడతాయి. ఛాయాచిత్రం తీసి, ఏ స్తంభానికి ఏ దిక్కున ఎంత దూరంలో ఉన్నదో వ్రాసుకొని, వీలైతే శాసనాలకు చేసినట్లు తడికాగితం పరచి మసి అద్ది అచ్చు తీయించవలెను. పటమున్న బండను తీయక తప్పనిచో ముక్కలు కానీయకుండా తీసి, మరొకచోట అదే ముఖం పైకి వచ్చేటట్లు పరచవచ్చును. దాత తన దానపత్రంలో ఈ ఒక్క షరతు వ్రాసినచో గుత్తేదారు తప్పక పాటిస్తాడు. దాత అడగనిచో ఎవరూ అడగరు.

కేంద్ర ప్రభుత్వ రక్షణలో ఉన్న ప్రాచీన కట్టడాలకు 1958 నాటి చట్టం వర్తిస్తుంది. అటువంటిచోట పాత రాతిని తాకుటకు గాని, పాత గీతను స్పష్టంగా కనబడుటకని మరల చెక్కుటకు గాని మనకు అధికారం లేదు. రక్షిత హద్దు నుండి 100 మీటర్ల వరకు క్రొత్త కట్టడం నిషిద్ధం, ఆపై 200 మీటర్ల వరకు అనుమతితో మాత్రమే. పాత పటంపై సుద్దతో గీసి ఛాయాచిత్రం తీసుకొనుట కూడా మంచి అలవాటు కాదు. కనుక పాతది చూచుటకు, క్రొత్తది ఆడుటకు అని విభజించుకొనుట ఉత్తమం.

క్రొత్త క్రీడామంటపం ఎట్లుండవలెను

సంప్రదాయ క్రీడల పేరిట నేడు ఊళ్ళలో తరచుగా కనబడేది సిమెంటు బొమ్మలు. బొంగరం వేస్తున్న బాలుడు, తొక్కుడుబిళ్ళ ఆడుతున్న బాలిక, కర్రబిళ్ళ పట్టుకొన్న మరొకడు. చుట్టూ గొలుసు కట్టి, తాకరాదని పలక పెడతారు. పిల్లలు ఆటను చూస్తారు గాని ఆడరు. మరికొన్నిచోట్ల తాకుతెరలపై ఈ ఆటలను అమర్చుతారు. అది మొదటి నెల బాగుగా ఉంటుంది. తరువాత తెర పాడవుతుంది, బాగుచేసేవారు రారు. తెరపై ఆట నియమాన్ని యంత్రమే కాపాడుతుంది కనుక ఆడేవారు వాదించుకొనుటకు వీలుండదు. ‘మా ఊళ్ళో అట్లు కాదు’ అన్న వాదనలోనే సగం జ్ఞాపకం నిలిచి ఉన్నది. ఈ రెండింటికంటె నాలుగు రాతి పలకలు మేలు.

స్థలం మొదటి విషయం. దర్శనపు వరుసలో గాని, పారాయణ జరిగే మంటపంలో గాని ఆటకు చోటు తగదు. ఉచిత సత్రపు వసారా, కల్యాణకట్ట వద్ద వేచియుండే షెడ్డు, అన్నదాన సత్రం ముందరి చెట్టునీడ తగిన చోట్లు. పిలిచే టోకెను సంఖ్య ఆడేవారికి కూర్చున్నచోటి నుండియే కనబడవలెను. లేనిచో మనస్సు ఆటమీద నిలువదు, నిలిచినవారికి దర్శనం తప్పును.

రాయి రెండవది. నల్లరాయి ఎండలో కాలుతుంది. చెప్పులు లేని పాదాలు, ఆని కూర్చొనే పెద్దలు దానిని భరించలేరు. పైకప్పు తప్పనిసరి. తాండూరు రాయి, బేతంచెర్ల రాయి చల్లగా ఉంటాయి, తేలికగా చెక్కవచ్చును, మన ప్రాంతంలోనే దొరకుతాయి. కాని ఇవి సున్నపురాళ్ళు. మరకలు పోవుటకని ఆమ్లం పోసి కడిగితే రాయి పొంగి గీత తినుకుపోతుంది. శుభ్రపరచేవారికి ఈ సంగతి చెప్పి, నీరు, మెత్తని చీపురు మాత్రమే వాడించవలెను. గీత వ్రేలికి తగిలేటంత లోతు ఉండవలెను, కాలికి తట్టుకొనేటంత ఉండరాదు. మూడు నాలుగు మిల్లీమీటర్లు చాలును. ఆ మాత్రం లోతు ఉంటే చూపులేనివారు కూడా వ్రేళ్ళతో తడిమి పటాన్ని తెలుసుకొని ఆడగలరు. రంగుతో గీసినచో వారికి ఆట లేదు, రెండు వానలకు ఎవరికీ లేదు.

అన్నీ నేలమీదనే చెక్కరాదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలే ఈ ఆటలు తెలిసినవారు. వారు నేలపై కూర్చొనలేరు. సగం పటాలైనా మోకాలి ఎత్తు అరుగుపై, ఇరువైపులా కాళ్ళు చాపుకొనే వీలుతో ఉండవలెను. చక్రాల కుర్చీ చేరేటట్లు ఒక పటం కొంచెం ఎత్తులో, క్రింద ఖాళీతో ఉండుట అవసరం. పిల్లలకు మాత్రం నేలమీద పెద్ద అష్టాచెమ్మ గీయవచ్చును, ఒక్కొక్క గడిలో ఒక్కొక్కరు నిలిచేటంత. దీనికి పూర్వోదాహరణ కలదు. ఫతేపూర్ సీక్రీలో అక్బరు కాలపు ప్రాంగణాన పచ్చీసు పటం నేలపైనే పరచి ఉన్నది. మనుషులే కాయలుగా నిలిచేవారని అక్కడ చెప్పుకొంటారు. వామనగుంటలు ఆరుబయట చెక్కినచో గుంట అడుగున సన్నని రంధ్రం పెట్టించుట మరువరాదు. నీరు నిలిచిన గుంట దోమలకే ఆటస్థలం.

ఇక ఆడే కాయలు. వీటిని గురించియే నిర్వాహకులు ఎక్కువ భయపడతారు, పోతాయని. పోతాయి, పోనీయవలెను. గొలుసు కట్టిన గవ్వతో ఎవరూ ఆడరు. చింతగింజలకు వెల లేదు. గింజ తీయని చింతపండుతో పులిహోర చేసే వంటశాలలో వాటికి కొదువ ఉండదు. కడిగి ఎండబెట్టితే సంవత్సరానికి సరిపడ నిలువ. ఒకవైపు అరగదీసిన చింతగింజలు గవ్వలకు బదులుగా కూడా పనికివస్తాయి. పులులకు మూడు పెద్ద గచ్చకాయలు, మేకలకు చిన్న గులకరాళ్ళు. మూడేండ్ల లోపు పిల్లలు గింజలు మ్రింగే ప్రమాదం ఉన్నది కనుక గుంటల ఆట వారికి అందని ఎత్తులో ఉండుట మంచిది. అందమైన కాయలు ఇవ్వదలచిన దాతలకు దారి లేకపోలేదు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిరుగుడు పట్టి లక్కరంగులు అద్దే పనివారు, కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేసేవారు పులులను, మేకలను చేయగలరు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుల చేత ఒక వైకుంఠపాళిని గుడ్డపై, పాముల పేర్లు, నిచ్చెనల పేర్లు తెలుగులో స్పష్టంగా వ్రాయించి వేయిస్తే, జాగరణ రాత్రి పరచుటకు అంతకంటె తగిన కానుక ఏమున్నది? పిల్లలు కాలుపెట్టిన పాము పేరు గట్టిగా చదవవలెనన్న నియమం పెడితే రాలిపోయిన పేర్లు మరల నాలుకకు వస్తాయి.

ఆట నేర్పే చేయి

రాయి, కాయ, పలక అన్నీ అమర్చినను ఒక లోపం ఉండిపోతుంది. నియమాలను పలకపై చదివి ఆట నేర్చుకొన్నవారు తక్కువ. ఎవరో ఒకరు ప్రక్కన కూర్చొని, మొదటిసారి ఓడించి, రెండవసారి ‘అక్కడ పెట్టకు నాయనా, పులి చూస్తున్నది’ అని చెప్పవలెను. కనుక ఖర్చులో మొదటి పద్దు శిల్పికి గాక మనిషికి కేటాయించుట న్యాయం. ఆలయాలలో సేవ చేయుటకు వచ్చే స్త్రీపురుషులలో అరువది దాటినవారు అనేకులు. బరువులు ఎత్తలేరు, గంటల తరబడి నిలువలేరు. వారిలో ఈ ఆటలు తెలిసినవారిని అడిగి, రోజుకు రెండు గంటలు పటం వద్ద కూర్చుండబెట్టుట కూడా సేవయే. ఎండ తగ్గిన వేళ, పిల్లలు విసుగుతో ఏడ్చే వేళ అందుకు అనువైనది.

ముందు చెప్పిన భేదాల సంగతి ఇక్కడ వస్తుంది. క్రొత్త పటం వద్ద నియమపలక పెట్టునపుడు ఒకే పద్ధతిని శాసనంగా చెక్కించుట పొరపాటు. చెక్కినది సరియైనదిగాను, తక్కినవి తప్పులుగాను చూపరులకు తోస్తుంది. నెల్లూరు సీమవారి అష్టాచెమ్మ, పాలమూరువారి అష్టాచెమ్మ ఒకే తీరున ఉండనక్కరలేదు. పలకపై నాలుగు ముఖ్య నియమాలు, తెలుగులోను ప్రక్కరాష్ట్రాల భాషలలోను, ఆట పేర్లతో సహా ఉంటే చాలును. ప్రక్కన ఒక దళసరి పుస్తకం ఉంచి, వచ్చిన యాత్రికులలో పెద్దవారి నుండి వారి ఊరి పద్ధతిని, ఆడునపుడు పలికే మాటలను, గవ్వల పేర్లను, ఏ పండుగకు ఆడేవారో వ్రాయించుకొనవలెను. వ్రాయలేనివారు చెబితే పిల్లలు వ్రాస్తారు. దూరప్రాంతాల నుండి, ఇతర దేశాల నుండి వచ్చే తెలుగువారు తమ నాయనమ్మ పద్ధతిని గుర్తు తెచ్చుకొని వ్రాసినచో అది కూడా అందులో చేరును. వేర్వేరు మండలాల పెద్దలు ఒకే పూట ఒకే నీడకు చేరే చోటు పుణ్యక్షేత్రం కాక మరొకటి దొరకదు. ఏ పరిశోధకుడూ ఇన్ని ఊళ్ళు తిరుగలేడు.

ఆ పుస్తకంలో మొదటి పుటలు నింపుటకు క్రొత్త మంటపం కట్టే వరకు ఆగవలసిన పని లేదు. సత్రపు వసారాలో సుద్దముక్కతో పులి–మేక పటం గీసి, గులకరాళ్ళు పదిహేను, గచ్చకాయలు మూడు పెట్టి చూడవచ్చును. అటుగా పోయే వృద్ధులలో ఎవరో ఒకరు ఆగి, పటంలో ఒక గీత తక్కువైనదని చెబుతారు. ఆయన పేరు, ఊరు అడిగి, సుద్దముక్కను ఆయన చేతికే ఇవ్వవలెను.